ఎత్తును ఎక్కడ ఖర్చు పెట్టాలి? - విమానం దిగే లెక్క

ఆషాఢమాసపు పడమటి గాలి మొదలైందంటే మా హొసకోటె తాలూకా ఉత్తరపు పల్లెలలో తల ఎత్తి చూడని పిల్లవాడు ఉండడు. దేవనహళ్ళి విమానాశ్రయంలో దిగవలసిన విమానాలు ఆ రోజులలో తూర్పు దిక్కు నుండి, సూలిబెలెకు కొంచెం ఉత్తరంగా, ఒకదాని వెంట ఒకటి బారు కట్టి పడమటికి సాగుతుంటాయి. మా బడి మైదానంలో ఒకనాడు ఆరవ తరగతి పిల్లవాడొకడు, ఇంకా బాగా ఎత్తులోనే ఉండి మలుపు తీసుకుంటున్న ఒక విమానాన్ని చూపించి అడిగాడు: "సార్, పైలట్ ఇంజను ఆఫ్ చేసేసినాడా ఏమి? సద్దే రాలేదు." నేను జవాబు వెతుక్కునే లోపలే, కిందుగా పోతున్న మరొక విమానం గుయ్యిమన్నది. వాడు వెంటనే రెండో ప్రశ్న వేశాడు: "మరి కింద ఉండేది ఎందుకు అట్ల అరుస్తుంది? దిగేదానికి ఇంజను ఎందుకు సార్?"

ఈ రెండు ప్రశ్నలకూ సరియైన జవాబు చెప్పగలిగితే, విమానం దిగే విద్యలో ముప్పాతిక భాగం చెప్పినట్టే. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం. మన సరిహద్దు పల్లెలలో కువైట్‌లోనో దుబాయిలోనో ఒకరైనా లేని వీధి అరుదు గనుక ఇది కేవలం పిల్లల పాఠం కాదని నా అభిప్రాయం.

మొదటి ప్రశ్నకు జవాబు: పైలట్ ఇంజను ఆపలేదు, ఐడిల్‌లో పెట్టాడు. లారీ నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది కదా, అటువంటి స్థితి. ఎందుకు అలా చేస్తాడన్నది తెలియాలంటే ముందు ఎత్తు అంటే ఏమిటో తెలియాలి. బావిలో నుండి నీరు చేది ఇంటి మీది తొట్టిలో పోసిన వారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. పైకి ఎక్కించడానికి పడిన శ్రమ ఎక్కడికీ పోదు, ఆ ఎత్తులోనే నిలువ ఉంటుంది. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కడానికి టన్నుల కొద్దీ ఇంధనం కాల్చింది. ఆ ఇంధనం పొగగా పోయినా, దాని ఫలితంలో కొంత భాగం ఎత్తు రూపంలో పైలట్ చేతిలో మిగిలి ఉన్నది. దిగేటప్పుడు ఆ నిలువను ఖర్చు పెట్టుకుంటూ వస్తే ఇంజనుతో పని దాదాపు ఉండదు.

ఆ ఖర్చుకు ఒక లెక్క ఉన్నది. పైలట్లు దానిని అడుగులలోను, సముద్రపు మైళ్ళలోను నోటికి నేర్చుకుంటారు: వెయ్యి అడుగులు దిగడానికి మూడు మైళ్ళు. సముద్రపు మైలు అంటే 1.852 కిలోమీటర్లు. మన కొలతలలోకి మార్చుకుంటే, ఒక కిలోమీటరు ఎత్తు దిగడానికి రమారమి పద్ధెనిమిది కిలోమీటర్ల దారి కావాలి. అంటే ఇంజను సాయం దాదాపు లేకుండానే, ప్రతి కిలోమీటరు ఎత్తుకూ పద్ధెనిమిది కిలోమీటర్లు ముందుకు పోగలదన్నమాట. ఏటవాలుకు కన్నడంలో 'ఇళిజారు' అంటారు. దిగడం, జారడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నాయి. ఈ పాఠం చెప్పేటప్పుడు రెండు భాషలు వచ్చిన పిల్లలకు ఆ మాటే ఎక్కువ పనికివచ్చింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. హైదరాబాదు నుండి వచ్చే విమానం సుమారు పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఉన్నదనుకోండి. దేవనహళ్ళి విమానాశ్రయమే సముద్ర మట్టానికి సుమారు 3,000 అడుగుల, అనగా కిలోమీటరుకు కొంచెం తక్కువ ఎత్తున ఉన్నది. కనుక దిగవలసినది పది కిలోమీటర్లు. పదిని పద్ధెనిమిదితో గుణిస్తే నూట ఎనభై. వేగం తగ్గించుకోవడానికి మరొక ఇరవై కలిపితే రెండు వందల కిలోమీటర్లు. మ్యాపు మీద దేవనహళ్ళి నుండి ఉత్తరానికి రెండు వందల కిలోమీటర్లు కొలిచి చూస్తే, మన వేలు తాడిపత్రి దాపున ఆగుతుంది. విశాఖపట్నం నుండి వచ్చే విమానానికైతే రాజంపేట ప్రాంతం. విమాన మార్గాలు స్కేలు పెట్టి గీసినట్టు ఉండవు గనుక ఇది అంచనా మాత్రమే. అయినా ఒక సంగతి స్పష్టమవుతుంది. మన ఊరి మీద విమానం దిగుతున్నట్టు మనకు కనిపిస్తుంది గానీ, అది దిగడం మొదలుపెట్టినది అనంతపురం జిల్లాలోనో కడప జిల్లాలోనో. ఆ చోటుకు పైలట్ల భాషలో 'టాప్ ఆఫ్ డిసెంట్' అని పేరు. అక్కడి నుండి నేల తాకడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది.

నేటి విమానాలలో ఈ చోటును కంప్యూటరే లెక్కించి తెర మీద గుర్తు పెట్టి చూపుతుంది. అయినా మంచి పైలట్ తన నోటిలెక్క మానడు. కంప్యూటరుకు తెలియని విషయాలు దారిలో ఎన్నో ఎదురవుతాయి.

గుర్తు కన్న ముందే దిగితే ఏమవుతుంది? విమానం తొందరగా కిందికి వచ్చేస్తుంది, రన్‌వే ఇంకా దూరంగానే ఉంటుంది. మిగిలిన దూరమంతా తక్కువ ఎత్తులో, చిక్కటి గాలిలో ఇంజను శక్తితో నెట్టుకుంటూ పోవాలి. ఎయిర్‌బస్ ఏ-320 వంటి విమానం సమతలంగా ఎగిరేటప్పుడు నిమిషానికి సుమారు నలభై కిలోల ఇంధనం తాగుతుంది. ఐడిల్‌లో దిగేటప్పుడు అందులో నాలుగవ వంతు ప్రాంతంలో సరిపోతుంది. ప్రతి కిలో ఇంధనానికి మూడు కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలుస్తుందన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇక గుర్తు దాటిన తరువాత దిగడం మొదలుపెడితే, రన్‌వే దగ్గర పడుతున్నా విమానం ఇంకా ఎత్తులోనే ఉంటుంది. ముందే దిగితే డబ్బు నష్టం. ఆలస్యంగా దిగితే వచ్చే నష్టం వేరు, దాని సంగతి తరువాత.

మన ప్రాంతపు లారీ డ్రైవర్లకు ఈ విషయం నాకన్న బాగా అర్థమవుతుంది. హొసకోటె నుండి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు పోయే దారిలో మొగిలి ఘాట్ ఉన్నది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి ఘాట్ దిగే డ్రైవర్లు వెనకటికి ఉండేవారు. వారిలో కొందరి కథలు లోయలో ముగిశాయి. అనుభవజ్ఞుడు ఘాట్ మొదటనే గేరు తగ్గించి, వేగం తన చెప్పుచేతలలో ఉంచుకుంటాడు. విమానం దిగడంలోనూ ఆ రెండు కోరికలూ, మిగిలించాలన్నదీ పట్టు తప్పకూడదన్నదీ, ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి.

లారీకీ విమానానికీ ఒక పోలిక, ఒక తేడా చెప్పాలి. లోడుతో ఉన్న లారీ ఖాళీ లారీ కన్న పల్లంలో ఎక్కువ ఉరుకుతుంది. విమానమూ అంతే. నిండుగా జనం, సరుకు ఉన్న విమానం అదే వేగంతో దిగితే ఎక్కువ దూరం జారిపోతుంది, కనుక అది ఇంకా ముందుగానే దిగడం మొదలుపెట్టాలి. బరువైనది తొందరగా కింద పడుతుందని అనుకునే మనకు ఇది వింతగానే తోస్తుంది. తేడా ఏమిటంటే, లారీ కింద రోడ్డు కదలదు, విమానం కింద గాలి కదులుతుంది. వెనుక నుండి గాలి తోస్తుంటే ముందుగా దిగాలి, ఎదురు గాలి అయితే కొంచెం ఆలస్యంగా దిగినా చాలు. వానకాలంలో దక్షిణ భారతంలో ఒక విచిత్రం జరుగుతుంది. కింద మనకు పడమటి గాలి వీస్తుంటే, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున బలమైన తూర్పు గాలి వీస్తుంటుంది. కనుక తూర్పు తీరం నుండి వచ్చే విమానాన్ని పైన గాలి వెనుక నుండి తోస్తుంది, కిందికి వచ్చేసరికి అదే విమానానికి ఎదురు తిరుగుతుంది. ఒకే దిగుడులో రెండు గాలుల లెక్క!

పైలట్లు తరచుగా చెప్పుకునే మాట ఒకటున్నది: దిగడం, వేగం తగ్గడం రెండూ ఒకేసారి కావు. ముక్కు వంచితే విమానం వేగం పుంజుకుంటుంది, ముక్కు ఎత్తితే వేగం తగ్గుతుంది గానీ దిగడం మందగిస్తుంది. ఎత్తు, వేగం రెండూ ఒకే సంచిలోని సొమ్ము. ఒకటి తగ్గించి మరొకటి పెంచుకోవచ్చు, రెండింటినీ కలిపి తగ్గించాలంటే గాలి నిరోధాన్ని పెంచాలి. రెక్కల పైన లేచి నిలిచే పలకలు అందుకే. కిటికీ పక్కన కూర్చున్నవారు వాటిని చూసే ఉంటారు, అవి లేచినప్పుడు విమానం సన్నగా వణుకుతుంది. భయపడనక్కరలేదు. అయితే ఇంధనం కాల్చి సంపాదించిన ఎత్తును గాలికి పారబోయడమే అది, కనుక లెక్క సరిగా వేసిన పైలట్‌కు వాటి అవసరం తక్కువగానే పడుతుంది. పదివేల అడుగుల కిందికి వచ్చాక వేగం 250 నాట్లు, అనగా గంటకు సుమారు 460 కిలోమీటర్లు మించకూడదన్న నియమం కూడా ఉన్నది. ఆ పైన రెక్కల వెనుక ఫ్లాపులు, తరువాత చక్రాలు. చివరికి గంటకు 250 కిలోమీటర్ల ప్రాంతపు వేగంతో నేల తాకుతుంది.

(చంటిబిడ్డలతో ప్రయాణించే తల్లులకు ఒక మాట. దిగేటప్పుడు విమానం లోపలి గాలి ఒత్తిడి క్రమంగా పెరుగుతుంది, చెవులు దిబ్బళ్ళు వేయడం దానివల్లనే. ఆ ఇరవై నిమిషాలూ బిడ్డకు పాలు పడుతూ ఉంటే మింగడం వల్ల చెవులు తెరుచుకుంటాయి. నిద్రపోతున్న బిడ్డను దిగడం మొదలుకాగానే లేపడమే మంచిది.)

పైలట్ ఎంత చక్కగా లెక్క వేసుకున్నా ఆకాశం అతడొక్కడిదే కాదు. బెంగళూరు మీదికి నాలుగు దిక్కుల నుండి వచ్చే విమానాలను భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు చెందిన కంట్రోలర్లు వరుస కట్టిస్తారు. ఒకరిని ఆ ఎత్తులోనే ఆగమంటారు, ఒకరిని పక్కకు తిప్పుతారు. అప్పుడు జారుడుబండ కాస్తా మెట్లదారి అవుతుంది. కొంత దిగడం, మళ్ళీ సమంగా ఎగరడం, మళ్ళీ దిగడం. ప్రతి మెట్టు మీదా ఇంజను పెంచాలి, అంటే ఇంధనం, కింద ఊళ్ళకు చప్పుడు. ఈ మెట్లను వీలైనంత తగ్గించి ఒకే వాలుగా దింపాలన్నది ఇప్పుడు ప్రపంచమంతటా అనుసరించ దలచిన పద్ధతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ దీనిపై 2010లో ఒక మార్గదర్శక గ్రంథమే వెలువరించింది. మా వంటి పల్లెలకు దీనివల్ల కలిగే లాభం నిశ్శబ్దం. శీతకాలపు తెల్లవారుజామున దేవనహళ్ళిని పొగమంచు కప్పినప్పుడు మాత్రం ఏ గ్రంథమూ పనిచేయదు. అందరూ గుండ్రంగా తిరుగుతూ వేచి ఉండవలసినదే.

ఇంతవరకు చెప్పినదంతా మిగిలించడం గురించి. పిల్లవాడి రెండో ప్రశ్నకు జవాబు మిగిలించడంలో లేదు. దానిని చెప్పడానికి మన బెంగళూరులోనే జరిగిన ఒక ఘోరాన్ని తలచుకోక తప్పదు.

1990 ఫిబ్రవరి 14. అప్పటికి దేవనహళ్ళి విమానాశ్రయం లేదు (అది 2008 మే 24న మొదలైంది), విమానాలన్నీ హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయంలోనే దిగేవి. బొంబాయి నుండి ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి 605వ నంబరు విమానం మధ్యాహ్నం వేళ దిగడానికి వస్తున్నది. కొత్త ఏ-320 విమానం, నిర్మలమైన ఆకాశం, రన్‌వే కళ్ళెదుటే కనిపిస్తున్నది. లోపల 146 మంది. రన్‌వేకు ముందున్న గోల్ఫ్ మైదానంలో అది నేలకు తగిలి, ఎగిరిపడి, కాలిపోయింది. 92 మంది చనిపోయారు.

కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి నాయకత్వాన జరిగిన విచారణలో తేలినదేమిటంటే, చివరి దశలో విమానం ఐడిల్‌లో దిగే పద్ధతిలోనే ఉండిపోయింది. పైన ఎత్తులో ఇంధనం మిగిల్చే ఆ పద్ధతి నేల దగ్గర కూడా మారలేదు. విమానం వాలు కన్న కిందికి పోతుంటే ముక్కు ఎత్తి నిలబెట్టారు, ఇంజను తోడు లేనందున వేగం పడిపోయింది. నాలుగు వందలు, మూడు వందలు, రెండు వందలు అని యంత్రం అడుగులు చదువుతున్నా ప్రమాదపు తీవ్రత పైలట్లకు తోచలేదని నివేదిక చెప్పింది. చివరి క్షణాలలో శక్తి పెంచారు. కానీ జెట్ ఇంజను మోటారు సైకిలు వంటిది కాదు. ఐడిల్ నుండి పూర్తి శక్తికి రావడానికి ఏడెనిమిది సెకన్లు పట్టవచ్చు. మామూలు దిగుడు వేగంలోనే ఆ ఎనిమిది సెకన్లలో విమానం తొంభై అడుగులకు పైగా కిందికి వస్తుంది.

బాబూ, కింద ఉన్న విమానం ఎందుకు అరుస్తుందంటే ఇందుకు. ఫ్లాపులు, చక్రాలు చాచిన విమానాన్ని గాలి వెనక్కు లాగుతుంటే, ఆ లాగుడుకు సరిపోయేలా ఇంజనును మేలుకొలిపి ఉంచాలి. ఉంచితే అవసరమైనప్పుడు వెంటనే పైకి లేవగలదు. పైన నిశ్శబ్దం పొదుపు, కింద చప్పుడు ప్రాణరక్షణ. ఆనాడు 605వ విమానం చప్పుడు చేయవలసిన చోట నిశ్శబ్దంగా ఉన్నది.

దీనికి సరిగ్గా ఎదురు తిరిగిన కథ మన రాష్ట్రంలోనే ఇరవై ఏళ్ళ తరువాత జరిగింది. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుండి మంగళూరుకు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812వ విమానంలో 166 మంది ఉన్నారు. ఎక్కువమంది గల్ఫ్‌లో కష్టపడి ఇంటికి వస్తున్నవారు, వారి కుటుంబాలు. ఎనిమిది మందే బ్రతికారు. కొండ మీద బల్ల వలె ఉన్న ఆ రన్‌వే చివర దాటి విమానం లోయలో పడింది.

ఇక్కడ మన పద్ధెనిమిది లెక్క వేసి చూడండి. విమానం 37,000 అడుగుల ఎత్తున, అనగా పదకొండు కిలోమీటర్లకు పైగా ఉన్నది. దిగడానికి సుమారు రెండు వందల కిలోమీటర్లు కావాలి. ఆ రోజులలో మంగళూరు రాడార్ పనిచేయడం లేదు, కనుక కంట్రోలరు విమానాలను రేడియో మాటల మీదనే నడుపుతూ, త్వరగా దిగుతామన్న సహపైలట్ కోరికను అంగీకరించక, దగ్గరకు వచ్చాకనే అనుమతించాడు. దిగడం మొదలైనది 77 సముద్రపు మైళ్ళ దూరంలో, అంటే 143 కిలోమీటర్ల దగ్గర. దాదాపు అరవై కిలోమీటర్ల దారి తక్కువైంది. పలకలు లేపారు, చక్రాలు ముందుగానే చాచారు. అయినా చివరి వాలులోకి వచ్చేసరికి విమానం ఉండవలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తున ఉన్నది. ప్రయాణంలో చాలా సేపు నిద్రలో ఉండిన కెప్టెన్, వద్దు, పైకి లేపుదామని సహపైలట్ మళ్ళీ మళ్ళీ చెప్పినా వినలేదు. 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటిన తరువాత చక్రాలు నేల తాకాయి.

రాడార్ లేకపోవడం నేరం కాదు. అంత దారి తక్కువైనప్పుడు ఒక చుట్టు తిరిగి వస్తే, ఆ ఎత్తు హాయిగా తరిగిపోయేది. పది నిమిషాలు, కొన్ని వందల కిలోల ఇంధనం. విచారణ సంఘం కూడా ప్రధాన కారణంగా చెప్పినది అదే: కుదురు లేని దిగుడును కెప్టెన్ మానుకోకపోవడం.

కుదురు అన్న మాటకు పైలట్ల దగ్గర కచ్చితమైన అర్థం ఉన్నది. రన్‌వే సుమారు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండగా, నేలకు వెయ్యి అడుగుల ఎత్తున ఒక కనబడని గేటు ఉన్నట్టు భావిస్తారు. ఆ గేటు దగ్గరకు వచ్చేసరికి వేగం సరిగా ఉండాలి, మూడు డిగ్రీల వాలు మీద ఉండాలి, ఫ్లాపులు, చక్రాలు చాచి ఉండాలి, ఇంజన్లు ఐడిల్‌లో కాక పనిలో ఉండాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఐదు వందల అడుగుల వరకు సడలింపు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా మారుమాట లేకుండా పైకి లేచి, చుట్టు తిరిగి మళ్ళీ రావాలి. దీనిని 'గో అరౌండ్' అంటారు. కాపాడుకుంటూ వచ్చిన ఇంధనమంతా ఆ ఒక్క చుట్టులో ఖర్చయిపోవచ్చు, పొదుపు లెక్క అక్కడితో ఆగిపోతుంది.

గల్ఫ్ నుండి వచ్చిన మా బంధువొకాయన ఒకసారి ఇంటికి రాగానే మండిపడ్డాడు. "నేల కనిపిస్తావుండంగానే మళ్ళా పైకి లేపినాడు మేష్ట్రే, వాడికి దించేది రాదా ఏమి? అందరం దేవుళ్ళకు మొక్కుకొంటిమి." ఆయనకు కాఫీ ఇచ్చి, మంగళూరు సంగతి చెప్పాను. కప్పు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ రోజు పైలట్ మైకులో ఏమి చెప్పాడో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు గానీ రాలేదు.

బడి పిల్లలకు ఒక పని ఇచ్చాను. రన్‌వేకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న విమానం, మూడు డిగ్రీల వాలు మీద, నేలకు ఎంత ఎత్తున ఉండాలి? జవాబు సుమారు 520 మీటర్లు. పై తరగతి పిల్లలు టాన్ పట్టిక చూసి వేశారు. ప్రశ్న మొదలుపెట్టిన ఆ చిన్నవాడికి టాన్ తెలియదు. పద్ధెనిమిదితో భాగించి 555 అని తెచ్చాడు. కాగితం మీద దానికీ మార్కు వేశాను, పైలట్ తలలో వేసుకునే లెక్క కూడా అటువంటిదే గనుక.

కార్తీకం వచ్చి తూర్పు గాలి తిరిగిందంటే ఈ వరుస మా మీద కనిపించదు. విమానాలు ఎదురుగాలికే దిగుతాయి గనుక, అప్పుడు పడమటి నుండి, దొడ్డబళ్ళాపుర వైపు నుండి వచ్చి దిగుతాయి. మా మైదానం మీదుగా పోయేవి అప్పుడు ఎక్కేవే, వాటి ఇంజన్లు పూర్తి శక్తితో ఉంటాయి.